ఫోనులో దాచిన తలలు

4వ తేదీ, మంగళవారం

ఇది బయటివాడి పని కాదు. నా షాపులో నిలబడి, నా కత్తెర చప్పుడు వింటూ, నా అన్నం తిన్నవాడి పని.

మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు ఫోను గుర్రుమంది. అక్షరాలు చిన్నవి, కూడబలుక్కుని చదివాను. రెండు సుడులు. గాటు చెవి. మెడ మీద పుట్టుమచ్చ. మూడు రంగుల మీసం. రెండో కుర్చీ. అమ్మాయి. కింద ఒక మాట: ‘వీళ్ళందరికీ పంపమంటావా తాతా? లేక డబ్బు పంపుతావా?’

ఈ పేర్లు నాకు తప్ప ఎవరికీ తెలియవు. మంగలి పనిలో జుట్టు నెరిసినవాణ్ణి. మనిషి పేరు నాకు గుర్తుండదు, తల గుర్తుంటుంది. లెక్కల మాస్టారి నడినెత్తిన రెండు సుడులున్నాయి, ఎటు దువ్వినా అక్కడ నాలుగు వెంట్రుకలు లేచి నిలబడతాయి. మందుల షాపాయన ఎడమ చెవికి చిన్నప్పుడు పడిన గాటు ఉంది, కత్తి అక్కడికి వచ్చేసరికి చేయి తేలిక చేయాలి. అందుకే ఫోనులో వాళ్ళ నంబర్లు అలాగే దాచుకున్నాను. నేను నోటితో చెప్తే ఫోనే రాసుకుంటుంది. అలా చెప్పేటప్పుడు నా పక్కన నిలబడి విన్నది ఒక్కడే. రెండో కుర్చీ. అంటే నా అల్లుడు.

ఆ ఫోను కొనిపెట్టిందీ వాడే. నొక్కడం నేర్పిందీ వాడే.

ఏం పంపుతానంటున్నాడో ఇక్కడ రాయను. అందులో మొహం నాదే. మిగతాది ఫోనువాళ్ళ మాయ.

5వ తేదీ, బుధవారం

రాయనన్నాను గానీ, రాయకపోతే నాకే వరస తప్పుతోంది.

ఒక ఆడమనిషి కొన్నాళ్ళుగా ఫోనులో పలకరిస్తోంది. మొదట తప్పు నంబరంది. తర్వాత మీ గొంతు బాగుందంది. నా గొంతు బాగుంటుందని ఈ వయసులో నాకు కొత్తగా తెలిసింది. కిందటి వారం వీడియోలో కనిపించింది. నేను స్నానానికి పోబోతున్నాను, ఒంటిమీద ఏమీ లేదు. ఫోను మోగింది కదా అని ఎత్తాను. అంతే. అటువైపు దాన్ని బొమ్మ పట్టేశారు. మర్నాటి నుంచి ఆమె లేదు. ఒక మగవాడి రాతలు మొదలయ్యాయి. డబ్బు పంపకపోతే ఆ బొమ్మ అందరికీ పంపుతాడట.

స్నానానికి పోయేవాణ్ణి. ఇందులో నా తప్పేముంది?

అల్లుడు ఈరోజు మధ్యాహ్నం మళ్ళీ మాయమయ్యాడు. ఖాళీ వేళ కుర్చీలో కునుకు తీసే మనిషి. వారంలో ఇది రెండోసారి. వచ్చాక అడిగాను.

“ఎక్కడికి పోయావ్?”

“బ్లేళ్ళు అయిపోయాయి మావయ్యా.”

సొరుగు తీసి చూశాను. బ్లేళ్ళ పెట్టె నిండుగా ఉంది. చప్పుడు కాకుండా మూసేశాను. చూసినట్టు వాడికి తెలియనివ్వకూడదు.

6వ తేదీ, గురువారం

మాస్టారు గడ్డానికి వచ్చారు. నురగ పట్టించి కత్తి గొంతు దగ్గర పెట్టేసరికి అద్దంలో ఆయన పెదాలు కదిలాయి. నవ్వు.

“ఏం మాస్టారూ, ఏమన్నా నవ్వొచ్చిందా?”

“నురగ ముక్కులోకి పోయిందయ్యా. గోకనివ్వవు కదా నువ్వు.”

“ఫోనులో ఏమన్నా వచ్చిందేమో అనుకున్నాను.”

“ఫోనులో ఏమొస్తాయి? పొద్దున్నే పువ్వులేసి శుభోదయాలొస్తాయి. నువ్వేమన్నా పంపావా?”

నేనెందుకు పంపుతాను? అలా ఎందుకు అడిగాడు ఈయన? తెలిసినవాడు అడిగినట్టే ఉంది. లేచాక పౌడరు వేయించుకోకుండా వెళ్ళిపోయాడు. ఎప్పుడూ వేయించుకుంటాడు.

మా షాపులో గోడ మొత్తం అద్దాలే. ఒకప్పుడు అదే గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఎటు తిరిగినా వెనకాల బల్ల మీద ఎవడో ఒకడు ఫోను చూసుకుని నవ్వుతూ కనిపిస్తున్నాడు.

7వ తేదీ, శుక్రవారం

డబ్బు పంపాను. ఎంతో రాయను. పీడ వదిలింది.

8వ తేదీ, శనివారం

వదల్లేదు. మళ్ళీ అడుగుతున్నాడు. నిన్నటిది బొమ్మ చెరపడానికట, ఇవాళ్టిది కంప్యూటర్లోంచి చెరపడానికట. ఒకసారి వంగినవాణ్ణి చూసి ఇంకాస్త వంచుదామనుకున్నాడు. ఎవడికి తెలుసు నా దగ్గర ఇంకా ఉందని? ఇంట్లోవాడికి తెలుసు.

మేడ మీద వంటగదిలో అమ్మాయీ అల్లుడూ గుసగుసలు. మెట్ల మీద నా చెప్పుల చప్పుడు వినగానే అమ్మాయి గట్టిగా, “గ్యాసు అయిపోయేట్టుంది” అంది. గ్యాసు గురించి ఎవరన్నా గుసగుసగా మాట్లాడుకుంటారా?

అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. “నాన్నా, ఒంట్లో బాగుంటోందా? సరిగ్గా తినడం లేదు.”

“బాగానే ఉంది.”

“మనసులో ఏమన్నా ఉంటే మాతో చెప్పండి.”

మాతో అంది. నాతో అనలేదు. పక్కన వాడు తల దించుకుని చెయ్యి కడుక్కుంటున్నాడు. నా నోటితోనే చెప్పించుకుని ఆనందిద్దామని. షాపు ఎప్పటికైనా రెండో కుర్చీదే అవుతుంది, ఈ ముసలాణ్ణి పరువు తీసి మూల కూర్చోబెడితే ముందే అవుతుంది. అంతకన్నా ఇందులో లెక్కేముంది?

ఆ వీడియో వచ్చిన వేళ గది ఉక్కగా ఉంది. అందుకే చొక్కా విప్పాను. ఉక్కపోస్తే ఎవరైనా విప్పుతారు.

9వ తేదీ, ఆదివారం

తేల్చేశాను.

షాపు నిండా జనం. ఆదివారం కదా, బల్ల మీద చోటు లేక గుమ్మం బయట కూడా నిలబడ్డారు. అల్లుడు ఒక కుర్రాడి తలకి మిషను పెడుతున్నాడు. జేబులో ఫోను మోగితే తీసి చూశాడు, మొహం మారింది, నావైపు అద్దంలో చూశాడు, ఫోను బోర్లా తిప్పి అద్దం కింద పెట్టాడు. నేను నేరుగా చూశాను. ఇంక ఆగలేకపోయాను.

“ఆ ఫోను ఇటివ్వు.”

“మావయ్యా, ఇప్పుడు కాదు.”

“ఎందుకివ్వవు? ఏముంది అందులో?”

“జనం ఉన్నారు. తర్వాత మాట్లాడుకుందాం.”

“జనం ఉంటేనేం? దొంగకే జనం అంటే భయం.”

షాపులో కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది, ఎందుకంటే కత్తెర నా చేతిలోనే ఉంది. వాడు ఆ కుర్రాడి మెడ మీద వెంట్రుకలు దులిపి, గుడ్డ విప్పి, మిషనుని చిన్న బ్రష్షుతో శుభ్రం చేసి, తీగ చుట్టి సొరుగులో పెట్టాడు. కుర్రాడి తల సగమే అయింది.

“ఇది మీరు పూర్తి చేయండి మావయ్యా. చెవుల పైన మూడో నంబరు దువ్వెన పెట్టాను” అన్నాడు.

“రేపటినుంచి ఈ గుమ్మం తొక్కొద్దు” అన్నాను.

తొక్కనని కూడా అనలేదు. మెట్లెక్కి పైకి పోయాడు. తప్పు లేనివాడు ఎదురు తిరుగుతాడు. వీడు తిరగలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

నాకు ఆ మిషను వాడటం రాదు. కత్తెరతోనే పూర్తి చేశాను. కుర్రాడు అద్దంలో చూసుకుని ఏడుపు మొహం పెట్టాడు.

10వ తేదీ, సోమవారం

ఒక్కడినే చేశాను. నలుగురు కూర్చుని కూర్చుని లేచి వెళ్ళిపోయారు.

పదకొండు గంటలప్పుడు అల్లుడు నా కళ్ళెదుటే వీధి అవతల నీళ్ళ బిందె పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు చేతులా బిందె. సరిగ్గా అప్పుడే నా ఫోనుకి రాత వచ్చింది. ‘ముందు ఎవరికి పంపమంటావు? గాటు చెవికా?’

రెండో ఫోను ఉండొచ్చు. వాడి తరఫున ఇంకెవడన్నా నొక్కుతూ ఉండొచ్చు. ఈరోజుల్లో ఏదైనా ఉండొచ్చు.

అన్నం క్యారియరు మెట్ల మీద పెట్టి వెళ్ళింది అమ్మాయి. మాట్లాడలేదు. కోపం ఉన్నవాళ్ళు అన్నం ఎందుకు పంపుతారో నాకు అర్థం కావడం లేదు. మూత తీసి వాసన చూసి తిన్నాను.

11వ తేదీ, మంగళవారం

ఫోనులో ఆవిడ రోజూ ‘భోంచేశారా’ అని అడిగేది.

12వ తేదీ, బుధవారం

నిలకడగా రాయాలి.

పొద్దున పది గంటలకి ఫోను. వీడియో. ఖాకీ చొక్కా, వెనకాల గోడ మీద ఏదో ముద్ర. “నేను సైబర్ పోలీసుని. నీ మీద ఒక ఆడమనిషి ఫిర్యాదు ఇచ్చింది. ఒళ్ళు చూపించావట. అరెస్టు కాగితం తయారైంది” అన్నాడు. “షట్టరు దించు. ఫోను పెట్టేయకు. ఎవరితో మాట్లాడినా కేసు బిగుస్తుంది. ఆమెతో మాట్లాడినవన్నీ ముందు చెరిపేయ్” అన్నాడు. పోలీసు చెప్పాడు కదా అని చెరిపేశాను. ఆమె రాసినవి, వాడి బెదిరింపులు, అన్నీ. ఎలా చెరపాలో వాడే ఒక్కొక్కటీ చెప్పాడు. అంత ఓపిగ్గా చెప్పే పోలీసుని నేనెప్పుడూ చూడలేదు. అనుమానించాల్సింది అక్కడే. ఇంట్లోవాళ్ళ చెప్పుల చప్పుడుని కూడా అనుమానించినవాణ్ణి, వాణ్ణి మాత్రం అయ్యా అయ్యా అన్నాను.

మధ్యాహ్నం దాటినా అలాగే కూర్చున్నాను, కుర్చీలో, చీకట్లో, ఫోను అద్దానికి ఆనించి. మంచినీళ్ళకి లేస్తే అరిచాడు. కేసు మాఫీ కావాలంటే ఎంతివ్వగలవో చెప్పమన్నాడు.

అప్పుడు అమ్మాయి వెనక తలుపులోంచి వచ్చింది. క్యారియరు ముట్టుకోలేదేమని చూడటానికి వచ్చిందట. వాడి గొంతు వింది. నేను చేత్తో పొమ్మని సైగ చేశాను. పోలేదు. వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది.

“అయ్యా, మీది ఏ స్టేషను?”

“నువ్వెవరు? పక్కకి జరుగు. ఇది రహస్య విచారణ.”

“నేను ఆయన కూతుర్ని. ఏ స్టేషనో చెప్పండి, నాన్నని నేనే తీసుకొస్తాను. రిక్షా ఖర్చు కూడా మీకొద్దు.”

“నిన్ను కూడా లోపలేస్తాను!”

“వేయండి. ఎక్కడికి రావాలో చెప్తేనే కదా వేసేది.”

ఫోను ఆగిపోయింది. నా కూతురు వచ్చిందని పోలీసు పారిపోయాడు.

షట్టరు సగం ఎత్తి, నా ఎదురుగా అల్లుడి కుర్చీలో కూర్చుంది. నేల వైపు చూస్తూ చెప్పింది.

“నాన్నా, మాకు తెలుసు. ఆయన ఫోనుకి వచ్చింది. పది రోజులవుతోంది.”

నేను చేతికందిన తువ్వాలు తీసి మడత పెట్టడం మొదలుపెట్టాను.

“నేను చూడలేదు. ఆయన చూపించలేదు. మావయ్యని ఎవడో బెదిరిస్తున్నాడు అని మాత్రం చెప్పారు. స్టేషనుకి రెండుసార్లు వెళ్ళొచ్చారు. మీరే వచ్చి చెప్పాలట, మీ తరఫున ఇంకొకళ్ళు చెప్తే సరిపోదట. మీతో ఎలా అనాలో తెలియక ఊరుకున్నాం.”

“బ్లేళ్ళ కోసమన్నాడు.”

“ఇంకేమంటారు మీతో?”

13వ తేదీ, గురువారం

అంత త్వరగా నమ్మను. వాడికి వచ్చిందట. వచ్చిందని వాడు చెప్పాడు. వచ్చినదాన్ని పది రోజులు ఎందుకు దాచుకున్నాడు? మంచివాడైతే చూడగానే చెరిపేయాలి కదా? ఉంచుకున్నాడంటే ఎప్పుడో ఒకప్పుడు అవసరానికే కదా?

ఇలా రాసుకుంటుండగా ఫోను మోగింది. ఆడగొంతు. “పెద్దాయనా, నేను స్టేషను నుంచి ఎస్సైని మాట్లాడుతున్నాను. మీ అల్లుడుగారు మీ నంబరిచ్చారు...”

నోటికొచ్చింది తిట్టాను. ఇక్కడ రాయదగినవి కావు. “నిన్న ఒకణ్ణి ఖాకీ తొడిగి పంపారు, ఇవాళ ఆడగొంతా? రేపు జడ్జిని పంపుతారా?” అన్నాను.

అంతా అయ్యేదాకా వింది. తర్వాత నవ్వింది.

“బాగా చేశారు. ఫోనులో ఎవరు పోలీసునన్నా నమ్మకండి. నన్ను కూడా నమ్మొద్దు. స్టేషను ఎక్కడుందో మీకు తెలుసు కదా? వచ్చి నన్ను కళ్ళారా చూసి, అప్పుడు తిట్టండి.”

పెట్టేసింది. డబ్బు అడగలేదు. ఫోను పెట్టొద్దని కూడా అనలేదు.

14వ తేదీ, శుక్రవారం

ఒంట్లో బాగాలేదని అట్ట మీద రాసి షాపు మూశాను. ఒంట్లో బాగానే ఉంది.

15వ తేదీ, శనివారం

వెళ్ళాను. ఒక్కడినే. అమ్మాయి వస్తానంది, వద్దన్నాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను, పై గుండీ దాకా పెట్టుకున్నాను.

స్టేషను గుమ్మంలో బోర్డు రెండుసార్లు చదివాను. లోపల ఎస్సై ఎక్కడని అడిగితే కిటికీ పక్క బల్ల చూపించారు. నా కూతురికన్నా చిన్నది. జుట్టు ఎవరో తొందరలో కత్తిరించారు, వెనకాల కుడివైపు ఒక వేలెడు ఎక్కువుంది. గుర్తింపు కార్డు అడిగాను. చూపించింది. వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. పక్క బల్ల కానిస్టేబులు నవ్వాడు.

“నవ్వకు” అందావిడ అతన్ని. “అందరూ ఇలా అడిగితే మనకి సగం పని తగ్గుతుంది.” నాకు కుర్చీ చూపించింది. “ఆ మొన్నటి మాటలు మళ్ళీ ఒకసారి అంటారా? అప్పుడు నోట్ చేసుకోలేదు.”

నవ్వొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో.

తలుపు మూయించి, కానిస్టేబుల్ని బయటికి పంపింది. ఏం జరిగిందో చెప్పమంది. స్నానానికి పోతున్నానని మొదలుపెట్టాను. రాసుకోవడం మొదలుపెట్టి ఆగింది.

“పెద్దాయనా, ఇది రేపు కోర్టులో ఎవడో లాయరు పట్టుకుని లాగుతాడు. జరిగినట్టే చెప్పండి. మీకు శిక్ష పడే మాట ఇందులో ఒక్కటీ లేదు.”

చెప్పాను. ఫోనులో ఆమె అడిగింది, నేను విప్పాను. స్నానం లేదు, ఉక్క లేదు. ఫ్యాను తిరుగుతోంది. మా ఆవిడ పోయాక తిన్నావా అని అడిగిన మనిషి ఫోనులో ఆమె ఒక్కతేనని, అమ్మాయి అన్నం పెడుతుందే గానీ అడగదని, అదంతా కూడా చెప్పేశాను, అడగకపోయినా. ఎస్సై తల ఎత్తకుండా రాసుకుంది. అదొక మంచి పని చేసింది.

“మరి ఆ ఆడమనిషి కేసు పెడితే?”

“ఆడమనిషి లేదు, మీకు కనిపించింది ఎక్కడో తీసిన వీడియో. ఉన్నా, పెద్దవాళ్ళు ఇద్దరు ఇష్టపడి మాట్లాడుకున్నారు, అది మీ గదిలో మీ సంగతి. మీకు చెప్పకుండా దాన్ని పట్టి ఉంచడం తప్పు. అది చూపించి డబ్బు గుంజడం ఇంకో తప్పు. ఇంకొకళ్ళకి పంపడం మరొకటి. అసలు పంపకపోయినా, పంపుతానని బెదిరిస్తే చాలు, అదే నేరం. పోలీసు వేషం వేసినందుకు వేరే.”

“ఇవన్నీ ఆడపిల్లల కోసం పెట్టిన చట్టాలు కదమ్మా.”

“కొన్ని వాళ్ళ కోసమే. కానీ బెదిరించి గుంజడానికీ, ఒకరి ఒంటి బొమ్మ ఊరంతా పంచడానికీ ఆడా మగా లేదు. చిన్నా పెద్దా లేదు. మీకూ అంతే హక్కుంది.” తర్వాత ఫోను అడిగింది. “ఏవీ వాడు రాసినవి?”

చెరిపేశానన్నాను. పెన్ను కింద పెట్టింది.

“పోలీసే చెరపమన్నాడమ్మా” అన్నాను. ఆ మాట నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

“ఎందుకు చెరపమన్నాడో తెలిసిందా? మీ దగ్గర ఆధారం లేకుండా చేయడానికి. కొంత వెనక్కి తేవచ్చేమో చూస్తాం. అదృష్టం, మీ అల్లుడి ఫోనులో ఉంది. ఏ నంబరు నుంచి వచ్చిందో, ఏ వేళకి వచ్చిందో, కింద వాడేం రాశాడో అంతా.”

“అదే నా అనుమానం. ఎందుకు ఉంచుకున్నాడు?”

“చెరిపేస్తానని నా దగ్గరికి వచ్చాడు. మా మావయ్యది నా దగ్గర ఉండకూడదు మేడమ్ అన్నాడు. చెరిపితే ఊరుకోనని నేనే గట్టిగా చెప్పాను. అప్పటినుంచి ఫోను ఇంట్లో ఎవరి చేతికీ ఇవ్వడం లేదట, భార్యకి కూడా.”

ఆదివారం వాడు ఆ ఫోను బోర్లా తిప్పడం కళ్ళముందు కదిలింది. ‘ఇప్పుడు కాదు’ అన్నాడు. షాపు నిండా జనం.

ఒక్కటి మాత్రం మిగిలింది. అదీ అడిగేశాను. “మరి నా తలల పేర్లు? రెండు సుడులు, గాటు చెవి? అవి బయటివాడికి ఎలా తెలిశాయి?”

“ఆమె ఏదన్నా పంపి నొక్కమందా?”

బొమ్మ సరిగ్గా కనపడాలంటే ఫోనులో ఏదో ఎక్కించుకోమంది. ఇంగ్లీషులో ఏదో అడిగింది ఫోను, వరసగా అన్నిటికీ సరే నొక్కాను.

“ఆ సరేల్లో ఒకటి మీ ఫోనులో ఉన్న నంబర్లన్నీ తీసుకోవచ్చా అని. పేర్లతో సహా పోయాయి. పాపం వాడు గాటు చెవి అంటే ఏమనుకున్నాడో!”

సంతకం పెట్టాను. నా చేతి రాతలో నా పేరు అంత పెద్దగా ఎప్పుడూ పెట్టలేదు. ఆ బొమ్మ ఎక్కడెక్కడ పడిందో తీయించమని కంపెనీలకి రాస్తానంది. అన్నీ పోతాయని మాట ఇవ్వలేనంది. ఎవరికి చేరిందో కూడా ఇప్పుడే చెప్పలేనంది. “వచ్చినవాళ్ళు ఇంకొకరికి పంపితే వాళ్ళూ కేసులోకి వస్తారు. అది తెలిస్తే చాలామంది ఆగుతారు” అంది.

లేస్తూ, “జుట్టు వెనకాల కుడివైపు ఎక్కువుంది” అని చెప్పాను. మెడ తడుముకుంది.

ఇంటికొచ్చేసరికి అల్లుడు మెట్ల మీద కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడు. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చాను.

“రేపు ఆదివారం” అన్నాను.

“అవును మావయ్యా.”

“జనం వస్తారు.”

“వస్తారు.”

“ఆ మిషను నా చేతికి రాదు. ఆ కుర్రాడి తల పాడు చేశాను.”

“చూశాను. పైకి పిలిచి సరిచేశాను” అన్నాడు. దారం కొరికి లేచాడు. “బ్లేళ్ళున్నాయా?”

అడిగింది ఎగతాళికో నిజానికో తెలియలేదు. నిండుగా ఉన్నాయన్నాను. నిన్ను దొంగన్నాను అని కూడా అన్నాను. “అన్నారు” అన్నాడు. అంతకన్నా మాట్లాడుకోలేదు. ఇంకా ఉందని ఇద్దరికీ తెలుసు.

16వ తేదీ, ఆదివారం

రెండు కుర్చీలూ నిండాయి. బల్ల నిండింది. నాకు మాత్రం ప్రతి మొహమూ చూసిన మొహంలాగే ఉంది. చూశాడా, చూళ్ళేదా? వీడు ఎందుకు అంత మర్యాదగా మాట్లాడుతున్నాడు? వాడెందుకు తల దించుకున్నాడు? తల దించుకోకపోతే నేను మెడ ఎలా గీస్తాను, అది కూడా ఆలోచించలేదు. ఇలా అయితే ఎవడి గొంతో కోస్తాను అనిపించింది. కత్తి కింద పెట్టాను.

“అందరూ ఇటు వినండి” అన్నాను.

అల్లుడు మిషను ఆపాడు. “మావయ్యా” అన్నాడు మెల్లిగా. వద్దన్నట్టు.

“నా బొమ్మ ఒకటి ఎవడో ఫోనుల్లో తిప్పుతున్నాడు. బట్టల్లేని బొమ్మ. మోసం చేసి తీశాడు, నన్ను బెదిరించి డబ్బు లాగాడు. స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాను. మీలో ఎవరికైనా వచ్చి ఉంటే చెరపొద్దు, ఇంకొకడికి పంపొద్దు. పంపితే మీరూ దోషులే. ఫోను తీసుకెళ్ళి ఎస్సైకి చూపించండి. చూసి నవ్వుకున్నవాళ్ళుంటే నవ్వుకోండి, దానికి కేసు లేదు.”

మూడు రంగుల మీసమాయన గొంతు సవరించుకున్నాడు. “నీ ఒంట్లో తిప్పి చూపించేంత ఏముందయ్యా? పాత సైకిలులా ఉంటావు.”

“ఉన్నదేదో ఉంది. నీ మీసంలా రంగులు మాత్రం లేవు.”

నవ్వారు. నాతో కలిసో నన్ను చూసో తెలియదు. మాస్టారు నవ్వలేదు. లేచి వచ్చి నా కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, “కానీయ్” అన్నారు. ఆయనకి వచ్చిందో లేదో అడగలేదు. చెప్పలేదు. గీశాను. చేయి నిలబడింది. పౌడరు వేయించుకున్నారు.

మధ్యాహ్నానికి షాపు ఖాళీ అయింది. ఒకతను మాత్రం బల్ల చివర మిగిలాడు. ఇంతకు ముందు చూడని తల. ముప్ఫై ఉంటాయి. కత్తిరించడానికి అతని నెత్తిన ఏమీ లేదు, రెండు రోజుల క్రితమే ఎవరో తీసేశారు. పొద్దున్నుంచీ ముగ్గురికి తన వంతు వదిలేశాడు.

“ఏం చేయించుకుంటావు?” అన్నాను.

“ఏం లేదు. ఊరికే.” చేతిలో ఫోను పిసుకుతున్నాడు. “మీరు పొద్దున చెప్పారు కదా, స్టేషను... అక్కడ ఏమన్నా అంటారా?”

“ఎవరి సంగతి?”

“నాది కాదు. మా తమ్ముడిది. వాడు బయటికి రావడం మానేశాడు. అన్నం తినడం లేదు. ఏదన్నా చేసుకుంటాడేమో అని...”

“తమ్ముణ్ణి తీసుకురా.”

అతను తల దించుకున్నాడు. ఆ మెడ వెనక చెమట కారుతోంది, షాపులో ఫ్యాను తిరుగుతూనే ఉంది. అబద్ధం చెప్పే మెడ ఎలా ఉంటుందో నాకు ఈ మధ్యే బాగా తెలిసింది.

“తమ్ముడు లేడు కదా” అన్నాను.

లేడన్నట్టు తల ఊపాడు.

నిజం చెప్తే, ఇతను కూడా వాళ్ళ మనిషేమో అనిపించింది, స్టేషనులో ఏం చెప్పానో తెలుసుకోవడానికి పంపారేమో అని. అలా అనుకుంటూనే తువ్వాలు అందించాను. మొహం తుడుచుకున్నాడు. అల్లుడు ఏమీ అడక్కుండా వెళ్ళి టీ తెచ్చాడు, మూడు గ్లాసులు.

“ఫోనులో ఏమీ చెరపలేదు కదా?” అన్నాను.

“చెరపబోయాను. మీరు వద్దన్నారని ఆగాను.”

“సరే. అక్కడ జరిగింది జరిగినట్టు చెప్పాలి. మొదట నోరు రాదు. నాకూ రాలేదు. ఆవిడ తల ఎత్తకుండా రాసుకుంటుంది.”

17వ తేదీ, సోమవారం

పొద్దున పదింటికి అతనితో స్టేషనుకి వెళ్తున్నాను. వస్తాడో రాడో తెలియదు. రాకపోతే ఇల్లు ఎక్కడో కనుక్కుని వెళ్తాను. షాపు అల్లుడు తెరుస్తాడు. తాళాలు వాడి దగ్గరే ఉంచేశాను.